వెనకముడి అనుమానాలమ్మ

గోదావరి ఎడమ పాయ ఏటిగట్టు మీద, రావులంకకి ఎదురుగా, తాటిచెట్ల మధ్య ఉన్న చిన్న గుడి శ్రీ అనుమానాలమ్మ తల్లిది. ఈ రేవు పేరు వెనకముడి. బస్సు దిగి గట్టెక్కి ఎవరిని అడిగినా చూపిస్తారు. కాకపోతే ముందు మిమ్మల్ని ఎగాదిగా చూసి "ఎవరి తాలూకండీ, ఏం పని మీద వచ్చారండీ?" అని అడుగుతారు. భక్తులు నొచ్చుకోవద్దు. ఈ ఊళ్ళో అది మర్యాద.

గర్భగుడిలో విగ్రహం లేదు. నల్లరాతి పలక మీద చుట్టలు చుట్టిన కొబ్బరిపీచు మోకు ఒకటి, దానికి పసుపూ కుంకుమా. అంతే. ఈ మోకు కొస రోహిణి కార్తెలో కూడా తడిగా ఉంటుంది. తెల్లారకుండానే ఎవరో చెంబెడు నీళ్ళు పోసి పోతున్నారని మీకు అనుమానం రావచ్చు. తప్పు లేదు, మాకూ వచ్చింది. ఒక ఏడు తలుపుకి తాళం వేసి, తాళం చెవి పొరుగూరి పెద్దమనిషి దగ్గర పెట్టి మరీ చూశాం, తడి ఆరలేదు. ఇష్టమైనవారు ముట్టుకుని చూసుకోవచ్చు. ముట్టుకోకుండా నమ్మేవారి కంటే ముట్టుకుని చూసేవారంటేనే తల్లికి ప్రీతి అని పెద్దలు చెబుతారు.

పూర్వం ఇక్కడ రోడ్డూ లేదు, ఆనకట్టా లేదు. వరదొస్తే లంకల్లో చిక్కుకున్నవారికి ఈ రేవులోని ఈతగాళ్ళే దిక్కు. అరవై గడప ఉండేది వాళ్ళది. ఎర్రనీళ్ళు వచ్చాయంటే చాలు, మగవాళ్ళందరూ గోచీలు బిగించి గట్టు మీదే కాపురం. వాళ్ళకో కట్టుబాటు ఉండేది. పిలుపు చెవిన పడ్డాక గట్టున నిలబడినవాడికి ఆ ఏడు రేవులో స్నానం లేదు, నలుగురిలో కూర్చుని భోజనం లేదు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. నడుముకి తాడు కట్టుకుని నీళ్ళలో దిగడం పరువు తక్కువ. తాడు పశువుకి గానీ మగాడికి కాదనేవారు. ఎదురీది పోయి మనిషిని జుట్టు పట్టుకుని తేవాలి, లేదా గోదారి తల్లి ఒడిలో పడుకోవాలి. అలా పడుకున్నవాడికి గట్టు మీద ఒక రాయి నిలబెట్టి, ఏటేటా పాలు పోసి, అన్నం ముద్ద పెట్టేవారు.

అప్పటికి గట్టు మీద తొమ్మిది రాళ్ళున్నాయి. అందులో రెండు అప్పాయమ్మ పుట్టింటివే. ఒకటి తండ్రిది, ఒకటి అన్నది.

ఆ రెండు రాళ్ళ సంగతి చెప్పాలి. అప్పాయమ్మకి పదహారో ఏట, శ్రావణమాసంలో, పాయ నడిమధ్యన పాక కప్పు ఒకటి కొట్టుకొస్తూ కనబడింది. దాని మీంచి చంటిబిడ్డ ఏడుపు. తండ్రి దూకాడు. తండ్రి రెండోసారి తేలకపోయేసరికి అన్న దూకాడు. ఇద్దరూ మళ్ళీ కనబడలేదు. ఆ కప్పు మాత్రం మెల్లగా కింది ఊరి ఒడ్డుకి ఆనుకుంది. దాని మీంచి ఒక మేకపిల్ల గెంతి, ఒళ్ళు దులుపుకుని, చేలో పడి జనుము మేసింది.

గోదారి తల్లే మేక రూపంలో వచ్చి ఇద్దరు వీరుల్ని ఏరుకుపోయిందని ఊరంతా అనుకున్నారు. మేకకి బొట్టు పెట్టి ఊరేగించారు. అప్పాయమ్మ వెళ్ళి ఆ మేక ముందు కూర్చుని చాలాసేపు దాని కళ్ళలోకి చూసింది.

"ఏం కనబడిందే?" అని అడిగారు ఆడవాళ్ళు.

"మేక," అంది అప్పాయమ్మ.

అప్పటినుంచి ఆమెకి ప్రతిదాని మీదా అనుమానమే. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు గవరయ్యని గట్టు దాకా నడిపించి తీసుకువెళ్ళి, కాలు కుంటుతుందేమో చూసిందట. పాలవాడి కుండలో వేలు ముంచేది. పురోహితుడు ముహూర్తం చెబితే ఇంకో పురోహితుడిని అడిగేది. ఊళ్ళో ఆడా మగా కలిసి ఆమెకి అనుమానాలమ్మ అని పేరు పెట్టారు. ఈనాడు మనం చేతులెత్తి పిలిచే పేరు ఆనాడు వెక్కిరింతకి పెట్టినదే సుమండీ.

గవరయ్య మాత్రం మంచివాడు. ఆ రేవులోకెల్లా గొప్ప ఈతగాడు. పిలుపు వినబడితే నోట్లో ముద్ద ఉమ్మేసి పరిగెత్తే రకం. ఆ పరుగు చూసినప్పుడల్లా అప్పాయమ్మ వెనకే గట్టు దాకా పరిగెత్తేది. ఈతగాళ్ళ పెద్ద దాలయ్య, గవరయ్యకి పినతండ్రి, ఒకనాడు నవ్వుతూ అడిగాడు.

"ఏమే కోడలా, వాడి మీద కూడా అనుమానమేనా నీకు?"

"ఆయన మంచోడు మావయ్యా. అందుకే అనుమానం."

దాలయ్యకి అది అర్థం కాలేదు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే రాళ్ళంటే ఆయనకి మహా అభిమానం. ఎక్కడో కొండ దగ్గర నల్లరాయి బాగుందని ఒక పలక చెక్కించి తెప్పించి, ముందుజాగ్రత్తగా తన పెరట్లో పెట్టుకున్నాడు. అది పదో రాయి. ఆ రాయి ఎవరికోసమని అప్పాయమ్మ ఆయన్ని అడగలేదు. పెరటి దడి మీంచి మాత్రం రోజూ చూసేది.

ఒక ఏడు ఆషాఢంలో, మధ్యాహ్నం పూట, అప్పాయమ్మ చిరిగిన వల బాగుచేస్తూ గుంజకి ఆనుకుని కునుకు తీసింది. కలలో ఒక ముసలామె వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒళ్ళంతా తడి, జుట్టు నిండా నాచు. తొడ మీద కొబ్బరిపీచు పెట్టుకుని పురి పేనుతోంది.

"ఎవరు నువ్వు?" అంది అప్పాయమ్మ.

"గోదారిని."

"నువ్వు గోదారివని నాకేంటి రుజువు?"

ముసలామె మురిసిపోయిందట. "ఇన్నాళ్ళకి ఒక్కర్తి అడిగింది! నా ఒడ్డున అందరూ నేను పిలిచానంటూ వచ్చి పడతారు. నేనెప్పుడు పిలిచానే? నాకు మనుషులెందుకు? నువ్వొక మోకు పేను. నేను పిలిచానని ఎవరన్నా చెప్పినా, మోకు లేకుండా ఎవర్నీ పంపకు."

"ఎన్ని బారలు పేనమంటావు?"

"నీకెంత అనుమానముంటే అంత."

మెలకువ వచ్చేసరికి ఒళ్ళో తడి కొబ్బరిపీచు గుప్పెడు ఉంది. పిల్లి ఈడ్చుకొచ్చిందేమోనని అప్పాయమ్మ ముందు పిల్లిని వెతికింది. పిల్లి అటక మీద పొడిగా నిద్రపోతోంది. పగటి కలలు ఫలించవంటారు గదా అని మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు పీచు నానబెట్టింది. మూడు పురుల మోకు, బొటనవేలంత లావు. తొడ చర్మం లేచిపోయింది. వీధిలోవాళ్ళు వచ్చి "ఏనుగుని గానీ కొంటున్నారేంటే?" అని పరాచికాలాడారు. పాయ అడ్డం వరదల్లో అరవై బారలు. అప్పాయమ్మ ఎనభై బారల దాకా పేని, అప్పటికి ఆపింది.

శ్రావణంలో ఎర్రనీళ్ళు వచ్చాయి. మూడో రోజు పొద్దున్న గొర్రెలు కాసే సోమయ్య గట్టు మీద ఒగురుస్తూ పరిగెత్తుకొచ్చాడు. "లంకలో మనుషులు! కేకలు! పాక మునిగిపోతోంది!"

గవరయ్య అప్పటికే గోచీ బిగించాడు. రెండు ఖాళీ కడవలు, మూతికి గుడ్డ కట్టినవి, చంకలో పెట్టుకున్నాడు. మనిషి దొరికితే పట్టుకుని తేలడానికి అవి ఆధారం. అప్పాయమ్మ మోకు చుట్ట భుజాన వేసుకుని వచ్చి రేవు మెట్ల మీద అడ్డంగా నిలబడింది.

"పిలిచిందెవరు?" అని అడిగింది సోమయ్యని.

"మనుషులే, వదినా!"

"చూసిందెవరు?"

"చూళ్ళేదు. విన్నాను."

"మా నాన్న కూడా విన్నాడు," అంది అప్పాయమ్మ.

దాలయ్యకి ఒళ్ళు మండింది. "అక్కడ ప్రాణాలు పోతుంటే ఇక్కడ పంచాయితీ ఏంటే? నీ అనుమానం తగలెయ్యా!" అని కర్ర ఎత్తాడు. ఆమె కదల్లేదు. కల్లు గీసే అతను ఒకడు అక్కడే ఉంటే, తాడిచెట్టెక్కి చూడమంది. వాడు చెట్టెక్కే మోకులూ, నడుముకి కట్టే ముత్తాదూ సర్దుకుని ఎక్కేలోపు గట్టు మీద జనం ఆమెని అనని మాట లేదు. వాడు పైనుంచి కేకేశాడు.

"మనుషులే! కప్పు మీద ముగ్గురు! ఒక ముసలాయన, ఒక ఆడకూతురు, చేతిలో చంటిబిడ్డ!"

"విన్నావా?" అన్నాడు దాలయ్య.

"విన్నాను. ఇప్పుడు వెళ్ళొచ్చు. మోకు కట్టుకుని," అంది అప్పాయమ్మ.

గవరయ్య మొహం ఎర్రబడింది. "నలుగురిలో నా పరువు తియ్యకే. నేనేమన్నా గేదెనా?"

"గేదె నయం మావా. తాడుంటే సాయంత్రానికి ఇంటికొస్తుంది."

"తాడు కట్టుకుని దిగినవాడికి రాయి వెయ్యం. చెబుతున్నాను," అన్నాడు దాలయ్య.

"అదేగా మావయ్యా నాకు కావాల్సింది!"

గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. గవరయ్య నీళ్ళ వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. వేళ మించిపోతోంది. "కట్టి తగలెయ్," అని చేతులెత్తాడు. ఆమె మోకు నడుముకి చుట్టింది. చంకల కిందుగా భుజాల మీదికి తిప్పింది. చివర అతని వెనక్కి వెళ్ళి, రెండు రెక్కల మధ్యన, వేళ్ళు అందని చోట ముడి వేసి, పంటితో లాగి బిగించింది. గోదారి తల్లి కలలో చెప్పింది మోకు వరకే. ముడి వెనక వెయ్యాలన్నది అప్పాయమ్మ సొంత బుర్ర. ముందు వేస్తే నడి ఏట్లో విప్పేసుకుంటాడని ఆమె అనుమానం.

ఒక గుంజు గుంజితే వదలాలి, రెండయితే ఆపాలి, మూడయితే లాగాలి అని చెప్పుకున్నారు. తాటి మోడుకి మోకు ఒక చుట్టు తిప్పి అప్పాయమ్మా, ఆరుగురు మగవాళ్ళూ పట్టుకున్నారు. గవరయ్య దూకాడు.

మొదటి ఈత మహా బాగా సాగింది. ఏటవాలుగా ఈది లంక చేరాడు. మూడు గుంజులు గుంజాడు. లాగితే గవరయ్యా, కడవలు కరుచుకున్న ఆడకూతురూ, అతని తల మీద గంపలో బిడ్డా గట్టుకొచ్చారు. ఆమె పేరు కనకాలు. కప్పు మీద మిగిలిన ముసలాయన ఆమె మామగారు జోగయ్య. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే గట్టంతా సంబరం. మోకు మీద నవ్వినవాళ్ళే మోకుని కళ్ళకద్దుకున్నారు.

గవరయ్య ఊపిరి తీసుకోకుండా మళ్ళీ దిగాడు. ఈసారి అతను సగం దూరం పోయేసరికి పాక గోడ కూలింది. కప్పు లేచి, దాని మీద జోగయ్యతో సహా, కిందికి కదిలింది. గవరయ్య లంక వైపు ఈదడం వదిలి, ప్రవాహం వెంట కప్పు వెనక పడ్డాడు. ఒక గుంజు. వదిలారు. ఇంకో గుంజు. వదిలారు. చేతుల్లోంచి మోకు పాములా జారిపోతోంది. తాటి మోడు పొగలు కక్కింది. చివరికి అప్పాయమ్మ చేతిలో కొస మిగిలింది. ఎనభై బారలూ అయిపోయాయి.

జోగయ్యకీ గవరయ్యకీ మధ్య నాలుగు బారలుంటుందేమో. గవరయ్య ఒక గుంజు గుంజాడు. మళ్ళీ గుంజాడు. తర్వాత చేతులు వెనక్కి పెట్టి వీపు తడుముకోవడం గట్టు మీద అందరూ చూశారు. వేళ్ళకి ముడి అందలేదు.

"కొస వదిలెయ్యవే!" అని అరిచాడు దాలయ్య. "నాలుగంటే నాలుగు బారలు! అందుకుంటాడు వాడు!"

ఆ నాలుగు బారల అవతల పాయ పెద్ద గోదారిలో కలిసేచోట సుడి తిరుగుతోంది. ఆమె అన్న తల ఆఖరుసారి కనబడింది అక్కడే.

"అందుకుంటాడు మావయ్యా," అంది అప్పాయమ్మ. "అందుకున్నాక ఇద్దర్నీ వెనక్కి తెచ్చేదెవరు?"

బిడ్డని ఎత్తుకుని కూర్చున్న కనకాలు అప్పాయమ్మ వంక చూసిందంతే.

"లాగండి," అంది అప్పాయమ్మ.

లాగారు. గవరయ్య ఎదురు తన్నుతూ, తిడుతూ, నీళ్ళు మింగుతూ వచ్చాడు. కప్పు మీద జోగయ్య ఒక చెయ్యి పైకెత్తాడు. రమ్మని పిలిచాడని కొందరన్నారు. వెనక్కి పొమ్మన్నాడని కొందరన్నారు. రెండిట్లో ఏదో ఈనాటికీ తెలీదు. ఆ తర్వాత కప్పు సుడిలో నిలువుగా లేచింది.

ఆ రోజు నుంచి గవరయ్య పెళ్ళాంతో మాట మానేశాడు. వడ్డిస్తే తినేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. రాత్రీ పగలూ గట్టు మీదే కూర్చునేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు రేవులో ఆమె పక్కన కడవ ముంచడం మానేశారు. మొగుణ్ణి దక్కించుకోవడానికి ముసలాణ్ణి ముంచిందన్నారు. అప్పాయమ్మ ఆ మాటని కూడా తీసిపారెయ్యలేదు. నిజమేనేమో అని దాన్నీ అనుమానించి, రోజూ తిరగేసి చూసుకునేది.

పదిహేను రోజులకి కనకాలు బిడ్డనెత్తుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్క మాట అడగాలక్కా. నువ్వు కొస వదిలుంటే మా మావ బతికేవాడా?"

"తెలీదమ్మా."

"తెలీకుండానే లాగమన్నావా?"

"తెలీదు కాబట్టే లాగమన్నాను. అది తప్పేమోనని ఇప్పటికీ అనుమానమే నాకు."

కనకాలు గడప మీద కూర్చుండిపోయింది. ఆమెకి ఓదార్పు మాటలు చెప్పినవాళ్ళు ఊరంతా ఉన్నారు. గోదారి తల్లి తీసుకుపోయింది, రాత, కర్మ అన్నారు. తెలీదన్నది ఈమె ఒక్కతే. "మావకి ముద్ద పెట్టాలి. ఆయనకి రాయి లేదు గదా," అంది కనకాలు. ఇద్దరూ అన్నం కలిపి, గట్టు దిగి, నీళ్ళలో ఒక ముద్ద విడిచారు. అంతకుముందు ఆ రేవులో ముద్ద వీరులకే గాని, అందకుండా పోయినవారికి ఎవరూ పెట్టలేదు.

భాద్రపదంలో రెండోసారి వరద తన్నింది. ఏడుగురున్న పడవ లంక మొనకి గుద్దుకుని ఒరిగిందని కేక. ఈసారి తాడిచెట్టు మీంచి చూసిన తర్వాతే కేక వేశారు. అప్పాయమ్మ ఇంట్లో చూరుకి వేలాడే మోకు వంక చూస్తూ, దించాలా వద్దా అని నిలబడిపోయింది. వాకిట్లో గవరయ్య వచ్చి నిలబడ్డాడు. ఆమె మొహం చూడలేదు. అటు తిరిగి, వీపు ఆమెకిచ్చి, చేతులు కొంచెం ఎత్తి పట్టుకున్నాడు.

ముడి వేస్తుంటే రెండుసార్లు జారింది. అతను కదలకుండా నిలబడ్డాడు.

"సరిగ్గా బిగించు," అన్నాడు. నెల మీద తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట అది.

ఆ రోజు ఏడుగురూ ఒడ్డుకొచ్చారు. గవరయ్య ఆ తర్వాత ముప్పై ఒక్క వరదలు ఈదాడు. ఎందరిని తెచ్చాడో, ఎందరు అందలేదో లెక్క దొరకదు. చివరికి మంచం మీద దగ్గొచ్చి పోయాడు. ఆ రేవులో మంచం మీద పోయిన మొదటి గజ ఈతగాడు ఆయనే. దాలయ్య పెరట్లో నల్లరాయి ఖాళీగానే ఉండిపోయింది. ముసలితనంలో దాలయ్య దాని మీద కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు.

సాధారణంగా మన సీమలో పేరంటాళ్ళ గుళ్ళు మొగుడి వెంట చితి ఎక్కినవారికో, నూతిలో దూకినవారికో వెలుస్తాయి. మన తల్లి అలా కాదు. డెబ్బై ఎనిమిదేళ్ళు బతికి, పళ్ళూడి, కోడళ్ళ వంటలో ఉప్పు సరిచూసి, వైద్యుడిచ్చిన మందు వాసన చూసి "ఇదేంటి?" అని అడిగి కన్నుమూసింది. ఆమె పోయిన ఏడాది, చూరులో వేలాడే మోకు కొసనుంచి నీటిచుక్కలు పడడం మొదలైంది. పైన కప్పు కారుతోందని కొత్త తాటాకు నేయించారు. చోటు మార్చారు. అయినా చుక్క ఆగలేదు. అప్పుడు కనకాలు కొడుకు, ఆనాడు గంపలో వచ్చిన బిడ్డ, దాలయ్య పెరట్లోని పదో రాయిని గట్టు మీదికి మోయించి, దాని మీద మోకు పెట్టి దీపం వెలిగించాడు. అదే ఈనాటి పీఠం. పీచు పాతబడితే కొత్త మోకు పేనుతారు గాని, పాతదాంట్లోంచి ఒక పురి తీసి కొత్తదాంట్లో కలుపుతారు. పూజారులు ఈతగాళ్ళ ఇళ్ళ ఆడపడుచులే.

ఆషాఢ మాసం ఆఖరి ఆదివారం నాడు ఇక్కడ ముడి ఉత్సవం. మంటలార్పేవారు, వరదల్లో పడవలేసుకుని వెళ్ళేవారు, కరెంటు స్తంభాలెక్కేవారు, నూతుల్లో దిగి విషవాయువుకి పడిపోయినవారిని తీసేవారు, అంబులెన్సు నడిపేవారు తమ తమ తాళ్ళు తెచ్చుకుని వస్తారు. వెంట ఇంటినుంచి ఒక మనిషిని తప్పక తీసుకురావాలి. భార్య కావచ్చు, తల్లి కావచ్చు, భర్త కావచ్చు. ముందుగా అందరూ నీళ్ళ దగ్గరికి వెళ్ళి, ఎంత ప్రయత్నించినా అందకుండా పోయినవారికి ఒక్కో ముద్ద విడుస్తారు. పేర్లు తెలిస్తే పేర్లు చెబుతారు. తర్వాత గుడి ముందు వరసగా వీపు తిప్పి నిలబడతారు. ఇంటివారు వెనక ముడి వేసి, వారి పై అధికారిని మూడు ప్రశ్నలడుగుతారు. పిలిచిందెవరు? చూసిందెవరు? కొస పట్టుకునేదెవరు? అధికారి ఎంత పెద్ద హోదాలో ఉన్నా చెప్పులు విడిచి జవాబు చెప్పాలి.

కిందటేడు ఒక కొత్త పెళ్ళికూతురు ఫైర్ ఆఫీసరుగారిని మూడు ప్రశ్నలూ అడిగేశాక నాలుగోది అడిగింది. "కొస పట్టుకునేవాళ్ళు డ్యూటీ దిగిపోయే టైమైతే ఎవరు పట్టుకుంటారండీ?" ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. పూజారమ్మ సంతోషం పట్టలేక ఆ పిల్ల కొంగులో రెండు కొబ్బరికాయలు పెట్టింది.

ఈ కథ చదివినవారికీ విన్నవారికీ ఆపదలు రావని మేము రాయము. రాస్తే మీరు నమ్మకూడదు కూడా. ఆపదలో పడ్డవారికి చెయ్యి అందుగాక. చెయ్యి అందించినవారు పొద్దుగుంకేలోపు ఇల్లు చేరుదురుగాక. వారు గుమ్మం దిగుతుంటే "ఆగు, ఇటు తిరుగు" అనే మనిషి ఒకరు ప్రతి ఇంటా ఉందురుగాక.